ఉండిపోయినవాళ్లు

పోయిన మార్చి 28 రాత్రి. ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియం. పర్డ్యూ 60, హ్యూస్టన్ 60. ఆట ముగియడానికి మూడు సెకన్లు కూడా లేవు. బంతి హ్యూస్టన్‌ది. మిలోస్ ఉజాన్ గీత బయట నిలబడి జోసెఫ్ టగ్లర్‌కి బంతి అందించాడు. అందరి కళ్లూ టగ్లర్ మీదే ఉన్నాయి. ఉజాన్ చడీచప్పుడూ లేకుండా లోపలికి అడుగేశాడు. టగ్లర్ తిరిగి అతనికే ఇచ్చాడు. ఉజాన్ దాన్ని తేలిగ్గా, మనం పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు, రింగులో వేసేశాడు. గడియారంలో ఇంకా 0.9 సెకన్లు మిగిలే ఉన్నాయి. 62-60. పర్డ్యూ ఇంటికి.

మా అక్క కొడుకు పర్డ్యూలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆ రాత్రి నా పక్క సీట్లో వాడే. స్టేడియంలో పర్డ్యూ వాళ్లే ఎక్కువ. యూనివర్సిటీ అక్కడికి గంట ప్రయాణం మరి. అంత జనం ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. కారెక్కాక మావాడు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంటికొచ్చి, పెరుగన్నం కలుపుకుని, సగం తిని, అప్పుడన్నాడు: "మావయ్యా, వచ్చే ఏడాది ఫైనల్ ఫోర్ ఇదే స్టేడియంలో కదా?"

అవును, అక్కడే. వచ్చే ఏప్రిల్ 4న సెమీఫైనల్స్, 6న ఫైనల్. ఈ సోమవారం, నవంబర్ 3న, కొత్త సీజన్ మొదలైంది. సీజన్‌కి ముందు ఏపీ వార్తాసంస్థ పత్రికలవాళ్లతో ఓట్లేయించి ప్రకటించే జాబితాలో పర్డ్యూది మొదటి స్థానం. వాళ్ల చరిత్రలో సీజన్ మొదలుకాకముందే మొదటి స్థానం రావడం ఇదే తొలిసారి.

క్రికెట్ వదిలేసి నేనిటు వచ్చినప్పుడల్లా కొందరు పాఠకులు విసుక్కుంటారని తెలుసు. కానీ ఈమధ్య వచ్చే ఉత్తరాల్లో సగం అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులవే. "మావాడు మార్చి నెలలో ఫోనెత్తడు, ఏదో బ్రాకెట్ అంటాడు, ఏమిటండీ అది" అని ఒక పెద్దావిడ అడిగారు. ఆవిడ కోసం నాలుగు మాటలు. అమెరికాలో పైస్థాయి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లు 360కి పైగా ఉంటాయి. నవంబర్ నుంచి మార్చి దాకా ఆడతాయి. చివరికి 68 జట్లని ఎంచి టోర్నమెంట్ పెడతారు. ఒక్కసారి ఓడితే ఇంటికే. మూడు వారాల్లో ఒక్క జట్టు మిగులుతుంది. ఎవరెవరు గెలుస్తారో ముందే రాసిపెట్టుకునే పటమే బ్రాకెట్. ఆఫీసుల్లో బాసు నుంచి అటెండరు దాకా అందరూ నింపుతారు. అన్ని గళ్లూ సరిగ్గా పూరించినవాడు ఇంతవరకూ లేడు.

పర్డ్యూ ఉన్న ఇండియానా రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్టూ సినిమా కలిపినంత. పొలాల మధ్య ఇళ్ల గోడలకి కూడా రింగులు కనిపిస్తాయి. ఇదే రాష్ట్రంలోని ఇండియానా యూనివర్సిటీకి 5 జాతీయ టైటిళ్లున్నాయి. పర్డ్యూ మగపిల్లలకి ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఒక్కటీ లేదు. రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్లారు, 1969లో, 2024లో. రెండుసార్లూ ఓడారు. ఆ రెండింటి నడుమ, 1999లో, అదే పర్డ్యూ అమ్మాయిలు గెలిచి చూపించారు. ఆ సంగతి క్యాంపస్‌లో ఎంతమందికి గుర్తుందో కనుక్కోమని మావాణ్ణి అడిగాను. వాడికే తెలీదు.

వీటన్నిటికంటే పెద్ద పరువు తక్కువ 2023లో జరిగింది. టోర్నమెంట్‌లో నంబర్ 1 సీడ్‌గా దిగిన పర్డ్యూ, 16వ సీడ్ ఫెర్లీ డికిన్సన్ అనే చిన్న కాలేజీ చేతిలో 63-58తో ఓడిపోయింది. మగవాళ్ల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ పదహారో సీడ్‌కి ఓడటం చరిత్రలో అది రెండోసారి మాత్రమే. ఆ ఆటలో పర్డ్యూకి ఇద్దరు కుర్ర గార్డులు ఆడారు, కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయెర్. దేశమంతా నవ్వింది వాళ్లని చూసే.

ఆ ఇద్దరూ ఇప్పుడు నాలుగో ఏడాదిలో ఉన్నారు. అదే కాలేజీలో. నేను ఇవాళ చెప్పదలచుకున్న విషయం దీనిచుట్టూనే తిరుగుతుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నాలుగేళ్లు ఒకేచోట ఉండటం ఇప్పుడు వింత. 2021 దాకా ఆటగాడు కాలేజీ మారితే ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. అదే ఏడాది ఒకసారి మారడానికి అభ్యంతరం తీసేశారు. 2024 నుంచి ఎన్నిసార్లయినా మారొచ్చు. దాన్ని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. పేరు నమోదు చేసుకుంటే చాలు, మిగతా కాలేజీల కోచ్‌లు ఫోన్లు మొదలెడతారు. పోయిన వేసవికి ముందు ఆ పోర్టల్లో రెండు వేల మందికి పైగా మగపిల్లలు చేరారు. పైగా ఇప్పుడు డబ్బు కూడా వచ్చింది. ఈ ఏడాది జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం, జులై నుంచి ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులకి ఏడాదికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచొచ్చు. మన లెక్కలో సుమారు 180 కోట్ల రూపాయలు. అన్ని ఆటలకీ కలిపి లెండి, పెద్ద ముద్ద అమెరికన్ ఫుట్‌బాల్‌కే పోతుంది. ప్రకటనల మీద వచ్చే ఆదాయం వేరే.

అలాంటి రోజుల్లో స్మిత్, లోయెర్, వాళ్లతోపాటు ట్రే కాఫ్‌మన్-రెన్, ముగ్గురూ పర్డ్యూ వదల్లేదు. ముగ్గురూ ఇండియానా కుర్రాళ్లే. స్మిత్ ఎత్తు 6 అడుగులు. బాస్కెట్‌బాల్‌లో అది పొట్టే. హైస్కూల్లో రాష్ట్రపు ఉత్తమ ఆటగాడికిచ్చే 'మిస్టర్ బాస్కెట్‌బాల్' బిరుదు వచ్చినా, బయటి పెద్ద కాలేజీలు పెద్దగా వెంటపడలేదు. పర్డ్యూ కోచ్ మాట్ పెయింటర్ తీసుకున్నాడు. పోయిన సీజన్లో ఆ పొట్టివాడే బిగ్ టెన్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. మొదట్లో చెప్పిన ఆ హ్యూస్టన్ ఆటలో స్మిత్ ఇచ్చిన అసిస్ట్‌లు 15. అసిస్ట్ అంటే, ఇవతలివాడు ఇచ్చిన పాస్ అందుకుని అవతలివాడు వెంటనే పాయింటు చేయడం. పెళ్లి భోజనాల్లో ఎవరి విస్తట్లో ఏం అయిపోయిందో వాళ్లడగకముందే పసిగట్టి వడ్డించే మనిషి ఒకడుంటాడే, స్మిత్ అలాంటివాడు.

కాలేజీ కెరీర్ మొత్తంలో అసిస్ట్‌ల రికార్డు 1,076. అది 1993లో డ్యూక్ యూనివర్సిటీ నుంచి వెళ్లిపోయిన బాబీ హర్లీది. 32 ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. స్మిత్ దగ్గర ఇప్పటికే 750కి పైగా ఉన్నాయి. పోయిన ఏడాదిలా ఆడి, దెబ్బలేవీ తగలకపోతే, మార్చికల్లా ఆ రికార్డు దగ్గరికి వస్తాడు. అసలు ఈ రికార్డు అంత కాలం ఎందుకు నిలిచిందో ఆలోచించండి. బాగా ఆడేవాడు నాలుగేళ్లు ఉండడు, నాలుగేళ్లు ఉండేవాడు అంత బాగా ఆడడు. రెండూ ఉన్నవాడు ఇన్నాళ్లకి ఒకడు కనిపించాడు.

లోయెర్ దూరం నుంచి వేస్తాడు. కాఫ్‌మన్-రెన్ పోయిన ఏడాది ఆటకి 20 పాయింట్ల సగటుతో ఆడాడు. రింగు దగ్గర వీపు ఆనించి, మెల్లగా తిరిగి, చేతి వంపుతో వేస్తాడు. చూడటానికి ఏమాత్రం అందంగా ఉండదు. పడుతుంది. ఈ ఏడు వీళ్లకి ఆస్కార్ క్లఫ్ తోడయ్యాడు, ఆస్ట్రేలియా కుర్రాడు, సౌత్ డకోటా స్టేట్ నుంచి వచ్చాడు. రీబౌండ్లు పట్టడంలో దేశంలోనే ముందు వరుసలోవాడు. పర్డ్యూకి పోయిన ఏడాది లోటు సరిగ్గా అక్కడే. 7 అడుగుల 4 అంగుళాల డానియల్ జేకబ్‌సన్ పోయిన సీజన్ రెండో ఆటలోనే కాలెముక విరగ్గొట్టుకుని ఏడాదంతా కూర్చున్నాడు. ఇప్పుడు లేచాడు. చూశారుగా, ఉండిపోయినవాళ్ల జట్టులో కూడా కీలకమైన కొత్తవాడు వలస వచ్చినవాడే.

ఎత్తంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇదివరకు పర్డ్యూకి జాక్ ఈడీ అని ఇంకో 7 అడుగుల 4 అంగుళాలవాడు ఆడేవాడు. టొరొంటో కుర్రాడు. 2023లో, 2024లో వరసగా రెండేళ్లు దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడు. పక్కవాళ్లంతా ప్రకటనల్లో నటించి డబ్బు చేసుకుంటుంటే, ఈడీకి చిక్కొచ్చిపడింది. కెనడావాడు కదా, స్టూడెంట్ వీసా మీద ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాడు అనుమతి లేకుండా అమెరికా గడ్డ మీద పని చేయకూడదు. కెమెరా ముందు నిలబడి "ఈ షూ కొనండి" అనడం కూడా పనే. కెంటకీకి ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే కూడా ఇదే ఇరకాటంలో ఉండేవాడు. 2022లో జట్టు ఆటల కోసం బహామాస్ దీవులకి వెళ్తే, అమెరికా గడ్డ కాదు కదా అని ఆ కాస్త టైములోనే అక్కడ ప్రకటనల షూటింగులు పెట్టుకున్నారు.

ఇది చెబితే మావాడు పడీపడీ నవ్వాడు. వాడూ ఎఫ్‌-1 మీదే. క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. డైనింగ్ హాల్లో ట్రేలు సర్దుతాడు. "అయితే ఈడీకీ నాకూ ఒకే కష్టం మావయ్యా, ఎత్తే తేడా" అన్నాడు.

ఇక వచ్చి వెళ్లేవాళ్ల సంగతి. ఎన్‌బీఏలో చేరాలంటే డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, హైస్కూలు అయ్యాక కనీసం ఏడాది గడవాలి అన్న నిబంధన ఉంది. అందుకని మేటి కుర్రాళ్లు ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వెళ్లిపోతారు. పోయిన ఏడాది డ్యూక్‌లో కూపర్ ఫ్లాగ్ అలాగే వచ్చాడు, ఫైనల్ ఫోర్ దాకా తీసుకెళ్లాడు, డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా డల్లాస్‌కి వెళ్లిపోయాడు. ఈ ఏడాది అలాంటివాళ్లు ఒకరు కాదు, ముగ్గురు. ఇంత బలమైన కొత్త బ్యాచ్ వచ్చి చాలాకాలమైంది.

ఏజే డిబాంట్సా: బోస్టన్ దగ్గర బ్రాక్టన్ ఊరివాడు. తండ్రిది కాంగో, తల్లిది జమైకా. 6 అడుగుల 9 అంగుళాలు ఉండి, గార్డులా బంతి నడుపుకుంటూ వచ్చి, మీద నుంచి వేసేస్తాడు. ఇతను ఎంచుకున్న కాలేజీ చూసి అందరూ నోరెళ్లబెట్టారు. యూటాలో మార్మన్ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ. ఇతను మార్మన్ కాదు, క్యాథలిక్. కోచ్ కెవిన్ యంగ్ ఎన్‌బీఏలో ఫీనిక్స్‌కి అసిస్టెంటుగా చేసినవాడు, కుర్రాళ్లని పై ఆటకి తయారుచేస్తానంటాడు. డబ్బు కూడా కోట్లలోనే అని పత్రికలు రాశాయి. అక్కడ అతని పక్కన రిచీ సాండర్స్ ఆడతాడు. అమెరికా స్కూళ్ల క్యాంటీన్లలో పిల్లలు లొట్టలేసుకుంటూ తినే 'టేటర్ టాట్స్', అదేనండి, తురిమిన బంగాళాదుంప ముక్కల వేపుడు, దాన్ని కనిపెట్టింది ఈ సాండర్స్ ముత్తాత. జట్టుతో దీనికేమీ సంబంధం లేదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

డారిన్ పీటర్సన్: ఒహాయో కుర్రాడు, కాన్సాస్‌లో చేరాడు. ముగ్గురిలోనూ నిండైన ఆటగాడు ఇతనేనని నా లెక్క. దూరం నుంచి వేస్తాడు, లోపలికి దూసుకెళ్తాడు, అవతలివాణ్ణి ఆపుతాడు. కాన్సాస్ పోయిన ఏడాది మొదటి రౌండులోనే ఓడి పరువు పోగొట్టుకుంది. కోచ్ బిల్ సెల్ఫ్ ఈ కుర్రాడి మీదే ఆశ పెట్టుకున్నాడు. కాన్సాస్, బ్రిగమ్ యంగ్ రెండూ ఒకే లీగ్‌లో ఉన్నాయి కాబట్టి ఈ ఇద్దరూ ఎదురుపడక తప్పదు.

మూడోవాడు కామెరాన్ బూజర్. వీడి కథ కాస్త ఎక్కువ చెప్పాలి. తండ్రి కార్లోస్ బూజర్ 2001లో డ్యూక్‌తో జాతీయ చాంపియన్, తర్వాత ఎన్‌బీఏ, 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణం. ఆయన పెద్దకొడుక్కి పుట్టుకతో సికిల్ సెల్ జబ్బు. సరిపోయే తోబుట్టువు ఉంటే మూలకణాల మార్పిడితో నయమవుతుందన్నారు డాక్టర్లు. అలా ఐవీఎఫ్ ద్వారా 2007లో కవలలు పుట్టారు, కామెరాన్, కేడెన్. వాళ్ల బొడ్డుతాడు కణాలతోనే అన్నకి మార్పిడి జరిగింది, నయమైంది. ఈ సంగతి ఆ కుటుంబమే బాహాటంగా చెప్పుకుంది. ఆ కవలలిద్దరూ మయామీలో హైస్కూల్లో నాలుగేళ్లలో నాలుగు రాష్ట్ర టైటిళ్లు గెలిచి, ఇప్పుడు నాన్న ఆడిన డ్యూక్‌లోనే చేరారు. కామెరాన్‌లో గాల్లోకి ఎగిరే మెరుపు తక్కువ. చేతిలో బంతి పడితే తప్పు చేయడు. పద్దెనిమిదేళ్లవాడిలో నలభై ఏళ్ల మనిషి కూర్చున్నట్టుంటుంది. వీళ్లు నవంబర్ 18న న్యూయార్క్‌లో కాన్సాస్‌తో ఆడతారు. అంటే బూజర్, పీటర్సన్ ఒకే కోర్టులో. ఆ రాత్రికి మా ఇంట్లో టీవీ రిమోట్ నాది అని ముందే చెప్పేశాను. అంతకు మూడు రోజుల ముందు, 15న, డిబాంట్సా సొంతూరికి దగ్గర్లోని బోస్టన్‌లో కనెక్టికట్ మీద ఆడతాడు.

ఈ ముగ్గురినీ "వచ్చి వెళ్లేవాళ్లు" అని నేను చులకనగా అనడం లేదు. ఒకప్పుడు అనేవాణ్ణి. డబ్బొచ్చి కాలేజీ ఆట చెడిపోయిందని నిట్టూర్చే పెద్దమనుషుల్లో నేనూ ఉండేవాణ్ణి. కానీ నాకు ఇంకో ముఖం గుర్తొస్తుంది.

1980ల చివర్లో కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీకి నేను ఆడాను. ఆడాననడం కాస్త గొప్ప, బెంచీ మీద కూర్చున్నాను. మాకో పాయింట్ గార్డ్ ఉండేవాడు, నాకు ఏడాది సీనియర్. సిమెంటు కోర్టు, వలలేని రింగు, అరిగిపోయిన కాన్వాసు బూట్లు. ఆ బూట్లతోనే వాడు చేసే పాసులు చూడటానికి పక్క కాలేజీ పిల్లలు సైకిళ్లేసుకుని వచ్చేవాళ్లు. జనరల్ బోగీలో తలుపు దగ్గర కూర్చుని టోర్నమెంట్లకి వెళ్లేవాళ్లం. కప్పు తెస్తే ఫీజు మాఫీ అన్నారు కాలేజీ పెద్దలు. కప్పు తెచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో ఆ కప్పు పక్కన నిలబడి అందరూ ఫొటో దిగారు. ఆ తర్వాతి టోర్నమెంట్లో మోకాలు పోయింది. ఫీజు మాట ఎత్తితే "చూద్దాం" అన్నారు. హాల్ టికెట్ ఆపితే వాళ్ల నాన్న ఎడ్ల జత అమ్మి కట్టాడు. చదువు పూర్తిచేశాడు, ఉద్యోగమూ చేశాడు, బాగానే ఉన్నాడు. బాస్కెట్‌బాల్ మాట మాత్రం ఎత్తడు. మొన్నామధ్య ఊరెళ్లినప్పుడు కలిస్తే, మెట్లు దిగేటప్పుడు ఆ మోకాలు పట్టుకున్నాడు.

అమెరికాలో జరిగిందీ ఇదే, కాకపోతే కోట్లలో. మార్చి టోర్నమెంట్ టీవీ హక్కులకే ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లొస్తాయి. కోచ్‌లకి లక్షల డాలర్ల జీతాలు. ఆడే కుర్రాడికి మాత్రం స్కాలర్‌షిప్పు, భోజనం. యూసీఎల్ఏకి 1995లో టైటిల్ తెచ్చిన ఎడ్ ఓ'బానన్ అనే ఆటగాడు, ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంటికెళితే, వాళ్ల పిల్లాడు ఆడుకునే వీడియో గేములో తానే కనిపించాడట. అదే నంబరు, అదే ఎడమచేతి వాటం. గేము అమ్మినవాళ్లకి డబ్బొచ్చింది, ఓ'బానన్‌కి పైసా రాలేదు. 2009లో కోర్టుకెక్కాడు. 2014లో గెలిచాడు. ఇవాళ డిబాంట్సా అందుకునే డబ్బు వెనక ఆ కేసు ఉంది. కాబట్టి పిల్లలు డబ్బు తీసుకుంటున్నారంటే నాకిప్పుడు బాధ లేదు. మా సీనియర్‌కి ఒక్క ఏడాది ఫీజు ఇచ్చినా సరిపోయేది.

కాలేజీ మారడాన్నీ తప్పుపట్టలేను. మిషిగన్ జట్టులో యాక్సెల్ లెండెబోర్గ్ అని ఒకడున్నాడు. మార్కులు చాలక హైస్కూలు జట్టుకి ఆడింది పదకొండంటే పదకొండు ఆటలు. గదిలో వీడియో గేములాడుకుంటూ కూర్చున్నవాణ్ణి తల్లి పట్టుబట్టి ఆరిజోనాలో ఒక రెండేళ్ల కాలేజీకి పంపింది. అక్కణ్ణుంచి అలబామాలో యూఏబీ, అక్కణ్ణుంచి ఇప్పుడు మిషిగన్. పోర్టల్ లేకపోతే ఇలాంటివాడు దేశానికి కనిపించేవాడే కాదు. ఈ ఏడాది అతను అఖిల అమెరికా జట్టులో ఉంటే నేను ఆశ్చర్యపోను.

మరి నేను పర్డ్యూ వైపు ఎందుకు మొగ్గుతున్నానంటారా? వెళ్లిపోయే దారి తెరిచి ఉన్నప్పుడు ఉండిపోవడానికే విలువ. పాతరోజుల్లో నాలుగేళ్లు ఉన్నవాడికి వేరే దారి లేదు. స్మిత్‌కి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. అయినా 2023లో తమని చూసి నవ్విన చోటే నిలబడ్డాడు.

ఉండిపోయినవాళ్లు పర్డ్యూకే పరిమితం కాదులెండి. ఏపీ జాబితాలో రెండో స్థానం హ్యూస్టన్‌ది. పర్డ్యూని ఓడించిన ఆ ఉజాన్, టగ్లర్, వాళ్లతో ఎమాన్యుయెల్ షార్ప్, ముగ్గురూ తిరిగొచ్చారు. వాళ్ల గాయం ఇంకా పెద్దది. ఏప్రిల్ 7న ఫైనల్లో ఫ్లోరిడా మీద రెండో సగంలో 12 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకున్నారు. 65-63. చివరి క్షణంలో షార్ప్ దూరం నుంచి వేయడానికి గాల్లోకి లేచాడు. ఫ్లోరిడా ఆటగాడు వాల్టర్ క్లేటన్ మీదికొచ్చేశాడు. వేస్తే అడ్డుకుంటాడు, బంతితో కిందికి దిగితే ట్రావెలింగ్. బంతిని వదిలేశాడు. తాకితే తప్పవుతుంది, తాకకపోతే టైమైపోతుంది. ఎదురుగా బంతి గెంతుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ కుర్రాడు వేసవంతా ఎలా నిద్రపోయాడో నాకు తెలీదు. కోచ్ కెల్విన్ శాంప్సన్‌కి పోయిన నెలలో 70 నిండాయి. జాతీయ టైటిల్ ఇంతవరకూ లేదు. ఈయన జట్టు ఆడే డిఫెన్స్ చూస్తే అవతలివాళ్ల మీద జాలేస్తుంది.

మూడోది చాంపియన్ ఫ్లోరిడా. అలెక్స్ కాండన్, థామస్ హా, రూబెన్ చిన్యెలు అనే పొడగరులు ముగ్గురూ ఉన్నారు, గార్డులే కొత్తవాళ్లు. నాలుగోది కనెక్టికట్. 2023, 2024 టైటిళ్లు రెండింట్లోనూ ఆడిన అలెక్స్ కరాబాన్ మూడోదాని కోసం ఆగాడు. కోచ్ డాన్ హర్లీ సైడ్‌లైన్ దగ్గర ఊగిపోతుంటే చూడటం అదో వినోదం. స్మిత్ వెంటాడుతున్న రికార్డు బాబీ హర్లీదన్నానే, ఆయన ఈయన అన్నే. అయిదోది న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్, అక్కడ 73 ఏళ్ల రిక్ పిటినో ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

అమ్మాయిల ఆట తీరే వేరు. డబ్ల్యూఎన్‌బీఏలోకి వెళ్లాలంటే అమెరికా అమ్మాయికి ఆ ఏడాది 22 ఏళ్లు రావాలి, లేదా డిగ్రీ పూర్తవ్వాలి. అందుకని ఒక్క ఏడాదిలో మాయమవడం ఉండదు. ప్రేక్షకులకి ఆటగత్తెలతో పరిచయం పెరుగుతుంది, చుట్టరికం కలుస్తుంది. 2024లో అమ్మాయిల ఫైనల్‌ని చూసినవాళ్ల సంఖ్య అబ్బాయిల ఫైనల్‌ని దాటిపోవడానికి కెయిట్లిన్ క్లార్క్ ఒక కారణమైతే, ఈ చుట్టరికం ఇంకో కారణం. పైకి వెళితే జీతం గొప్పేమీ కాదు. ఈ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో వెళ్లిన పెయిజ్ బ్యూకర్స్ మొదటి ఏడాది జీతం 80 వేల డాలర్ల లోపే.

చాంపియన్ కనెక్టికట్‌లో ఇప్పుడు బ్యూకర్స్ లేదు. ఆజీ ఫడ్ ఉంది. మోకాలి లిగమెంటు రెండుసార్లు తెగినా లేచి, పోయిన ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయిన పిల్ల. వెళ్లిపోయే అవకాశముండీ ఆగింది. ఆమె పక్కన సారా స్ట్రాంగ్, రెండో ఏడాదిలోనే దేశంలో అత్యుత్తమం అనిపించుకోగల పిల్ల. ఫైనల్లో 24 పాయింట్లు, 15 రీబౌండ్లు, అదీ మొదటి ఏడాదిలో. వీళ్లని ఆపగలిగేది సౌత్ కరొలైనా అనుకుంటాను. ఫ్లోరిడా స్టేట్‌లో దేశంలోకెల్లా ఎక్కువ పాయింట్ల సగటు తెచ్చుకున్న టనియా లాట్సన్ కోచ్ డాన్ స్టేలీ దగ్గరికి చేరింది. లారెన్ బెట్స్ ఉన్న యూసీఎల్ఏనీ తీసిపారేయలేం. యూఎస్సీ అమ్మాయి జూజూ వాట్కిన్స్ మార్చిలో మోకాలు దెబ్బతిని ఈ సీజన్ మొత్తానికీ దూరమైంది. అది మాత్రం పెద్ద లోటు. మోకాళ్ల దగ్గరికొచ్చేసరికి నాకు మా సీనియరే గుర్తొస్తాడు.

మనవాళ్లెవరూ లేరా అని అడుగుతారు, తెలుసు. తక్కువే. 2015 మార్చిలో మేరీల్యాండ్ జట్టుకి వరుణ్ రామ్ అనే భారతీయ సంతతి కుర్రాడు ఆడాడు. 5 అడుగుల 9 అంగుళాలు. మొదట్లో స్కాలర్‌షిప్పు కూడా లేకుండా జట్టులో చేరినవాడు. టోర్నమెంట్‌లో వాల్పరైజో మీద చివరి సెకన్లలో మూడు పాయింట్ల ఆధిక్యం కాపాడుకోవాలి, కోచ్ అతన్నే దింపాడు. అవతలివాడికి వేసే సందివ్వలేదు. 65-62తో గెలిచారు.

నా జోస్యం అడిగితే: ఫైనల్ ఫోర్‌లో పర్డ్యూ, హ్యూస్టన్, డ్యూక్, మిషిగన్. ఇది రాసిపెట్టుకుని ఏప్రిల్లో నన్ను తిట్టండి, పర్వాలేదు. పోయిన ఏడాది చాంపియన్‌గా నేను ఎవరి పేరు రాశానో పాత సంచికలు వెతికి పంపొద్దని మాత్రం మనవి.

మావాడి చదువు మే నెలలో అయిపోతుంది. ఆ తర్వాత ఏ రాష్ట్రంలో ఉంటాడో, అసలు ఈ దేశంలో ఉంటాడో లేదో, వాడికీ తెలీదు. ఉద్యోగాల పరిస్థితి చూస్తున్నారుగా. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూల సంగతి అడుగుదామని నేను నోరు తెరిచేలోపే, "మావయ్యా, ఏప్రిల్ నాలుగు శనివారమే, నీకు సెలవే" అన్నాడు.

"ఒరేయ్, ముందు వాళ్లు అక్కడిదాకా రావాలి కదరా" అన్నాను.

"స్మిత్ ఉన్నాడు కదా, వస్తారు. నువ్వు టికెట్లు చూడు."

చూశాను. నాలుగు టికెట్ల ధరకి మా ఊళ్లో ఒక పాత మారుతీ కారొస్తుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.